చేత్తో నడిపితే వచ్చే బ్యాకప్ క్రాన్‌లో ఖాళీగా ఎందుకు వస్తోంది?

మీ ప్రశ్నను ముందు నాకు అర్థమైన మేరకు మళ్లీ చెబుతాను. మీ హోల్‌సేల్ దుకాణం బిల్లింగ్ డేటా క్లౌడ్‌లోని ఒక ఉబుంటు సర్వర్‌లో, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో ఉంది. రోజూ రాత్రి రెండు గంటలకు డేటాబేస్‌ను డంప్ చేసి (మొత్తం డేటాను ఒక ఫైలులోకి రాయించి), జీజిప్‌తో కుదించి, ఏడు రోజులు దాటిన పాత ఫైళ్లను తీసేసేలా ఒక స్క్రిప్టు రాశారు. టెర్మినల్‌లో చేత్తో నడిపితే అది చక్కగా పనిచేస్తోంది. చెప్పిన వేళకు పనులను తనంతట తానే నడిపే క్రాన్ ప్రోగ్రామ్ జాబితా అయిన క్రాన్‌టాబ్‌లో మాత్రం 0 2 * * * (వరుసగా నిమిషం, గంట, నెలలోని తేదీ, నెల, వారం) అని రాసి, దాని పక్కన ఎస్‌హెచ్ అని, ఆ తరవాత స్క్రిప్టు పేరు ఇస్తే, ఫైలు రోజూ తయారవుతున్నా దాని పరిమాణం 20 బైట్లే ఉంటోంది. పైగా అది రాత్రి రెండింటికి రాకుండా ఉదయం ఏడున్నరకు వస్తోంది. డేటాబేస్ పాస్‌వర్డ్‌ను టెర్మినల్ తెరిచినప్పుడు బాష్ అనే షెల్ (మనం టైపు చేసే ఆదేశాలను నడిపే ప్రోగ్రామ్) చదివే .బాష్‌ఆర్‌సీ ఫైలులో ఎక్స్‌పోర్ట్ చేశారు, అంటే ఒక వేరియబుల్‌గా పెట్టారు. ఎవరో చెప్పగా స్క్రిప్టు మొదట్లో ఆ ఫైలును సోర్స్ కూడా చేశారు (అందులోని లైన్లను అక్కడే చదివించారు), అయినా ఫలితం లేదు.

సూటిగా చెప్పాలంటే, ఇక్కడ ఉన్నవి రెండు వేర్వేరు సమస్యలు. ఫైలు ఖాళీగా రావడానికి కారణం, క్రాన్ నడిపేటప్పుడు మీ పాస్‌వర్డ్ వేరియబుల్ స్క్రిప్టుకు అందకపోవడం. ఏడున్నరకు రావడానికి కారణం, మీ సర్వర్ గడియారం యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉండటం. అక్కడ రెండు గంటలయ్యేసరికి మనకు ఉదయం ఏడున్నర అవుతుంది. పాస్‌వర్డ్‌ను మీ హోమ్ ఫోల్డరులో .మై.సీఎన్ఎఫ్ అనే ఫైలులోకి మార్చి, స్క్రిప్టును బాష్‌తో నడిపిస్తే మొదటిది తీరుతుంది. క్రాన్‌టాబ్ లైనును 30 20 * * * అని మారిస్తే రెండోది తీరుతుంది. (ఆదేశాల పేర్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, మీరు టైపు చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లిష్ అక్షరాలలోనే చేయాలి.)

అయితే ఈ రెండింటికన్నా ముందు చేయవలసిన పని ఒకటుంది. మీ స్క్రిప్టులో పాత ఫైళ్లను తీసేసే లైనును ఇప్పుడే ఆపేయండి. ఆ లైను ముందు # గుర్తు పెడితే చాలు. ఎందుకంటే ఆ లైను కొత్త బ్యాకప్ బాగా వచ్చిందా లేదా అని చూడదు. తేదీ మాత్రమే చూస్తుంది. రోజూ ఒక ఖాళీ ఫైలు చేరుతూ, రోజూ ఒక మంచి ఫైలు చెరిగిపోతూ ఉంటుంది. ఇంకొన్ని రోజులు ఇలాగే సాగితే ఆ ఫోల్డరులో వరుసగా తేదీలు వేసిన ఫైళ్లు కనిపిస్తాయి గానీ, వాటిలో ఒక్కదాన్నుంచి కూడా ఒక్క బిల్లును వెనక్కి తేలేరు. సర్వర్ డిస్కు పాడైందని నన్ను పిలిపించిన ఒక కార్యాలయంలో నేను చూసినది సరిగ్గా ఇదే: తేదీల వరుస చక్కగా ఉంది, ప్రతి ఫైలూ 20 బైట్లు. మీరు పరిమాణం గమనించి అడిగారు కాబట్టి ఆ స్థితికి చేరకముందే బయటపడుతున్నారు. చేత్తో తీసిన మంచి డంప్ ఒకటి ఇవాళే ఆ సర్వర్ బయట ఎక్కడైనా భద్రపరచండి.

ఆ 20 బైట్ల సంఖ్యే రోగం ఏమిటో చెబుతోంది. జీజిప్‌కు లోపలికి ఏమీ రాకపోయినా అది తన శీర్షిక, ముగింపు రాసి ఒక ఫైలు తయారుచేస్తుంది. అలాంటి ఖాళీ ఫైలు పరిమాణం 20 బైట్లు. అంటే మీ క్రాన్ నడిచింది, స్క్రిప్టు నడిచింది, జీజిప్ నడిచింది. వాటికి డేటా అందించాల్సిన మైఎస్‌క్యూఎల్‌డంప్ మాత్రం ఒక్క అక్షరం కూడా ఇవ్వలేదు. వేరియబుల్ ఖాళీగా ఉండటంతో పాస్‌వర్డ్ లేకుండా తలుపు తట్టింది, డేటాబేస్ నిరాకరించింది, అది లోపం తెలిపి ఆగిపోయింది. ఆ లోపం మీ కంట ఎందుకు పడలేదో కింద చెబుతాను.

ముందుగా పాస్‌వర్డ్ ఎందుకు అందలేదో చూద్దాం. మీరు టెర్మినల్ తెరిచినప్పుడు షెల్ కొన్ని ఫైళ్లను చదివి, పాత్ (ప్రోగ్రామ్‌లను వెతికే ఫోల్డర్ల జాబితా), భాష, మీరు పెట్టుకున్న వేరియబుల్స్ అన్నింటినీ సిద్ధం చేస్తుంది. మీరు చేత్తో నడిపే స్క్రిప్టు ఆ సిద్ధమైన వాతావరణంలో నడుస్తుంది. క్రాన్‌కు అదేమీ ఉండదు. అది మీ హోమ్ ఫోల్డరు ఏది, మీ యూజర్ పేరేమిటి, షెల్‌గా /బిన్/ఎస్‌హెచ్, పాత్‌గా /యూఎస్ఆర్/బిన్, /బిన్ అనే రెండు ఫోల్డర్లు, ఇంచుమించు ఇంతే ఇచ్చి పని మొదలుపెడుతుంది. .బాష్‌ఆర్‌సీని అది చదవనే చదవదు.

మరి స్క్రిప్టులోనే ఆ ఫైలును సోర్స్ చేశారు కదా అంటారు. ఇక్కడ ఒకదాని వెనుక ఒకటిగా రెండు అడ్డంకులు ఉన్నాయి. మొదటిది, మీరు స్క్రిప్టును ఎస్‌హెచ్ ద్వారా నడుపుతున్నారు. ఉబుంటులో 2006లో వచ్చిన 6.10 నుంచి ఎస్‌హెచ్ అంటే బాష్ కాదు, డాష్ అనే చిన్న షెల్. డాష్‌కు సోర్స్ అనే ఆదేశం తెలియదు. అది దొరకలేదని ఒక లోపం తెలిపి తరవాతి లైనుకు వెళ్లిపోతుంది. స్క్రిప్టు మొదటి లైనులో బాష్ అని రాసుకున్నా లాభం లేదు, ఎందుకంటే ముందు ఎస్‌హెచ్ అని చెప్పి నడిపితే ఆ మొదటి లైను కేవలం వ్యాఖ్యగా మిగిలిపోతుంది. రెండో అడ్డంకి ఇంకా గడుసైనది: మీరు బాష్‌తో నడిపినా సరే, ఉబుంటు ఇచ్చే .బాష్‌ఆర్‌సీ మొదట్లోనే, ఎదురుగా మనిషి కూర్చుని టైపు చేస్తున్న షెల్ కాకపోతే అక్కడితో వెనక్కి వెళ్లిపోవాలనే షరతు ఉంటుంది. మీ ఎక్స్‌పోర్ట్ లైను ఆ షరతు కింద ఎక్కడో ఉంది కాబట్టి అక్కడిదాకా చేరనే చేరదు. ఆ షరతు తీసేయమని కొందరు సలహా ఇస్తారు, నేను ఇవ్వను. షెల్ అలంకారాల కోసం ఉన్న ఫైలులో డేటాబేస్ పాస్‌వర్డ్ ఉండటమే సరైన పద్ధతి కాదు.

సరైన పద్ధతి ఇది. క్రాన్ జాబు ఏ యూజర్ పేరుతో నడుస్తుందో ఆ యూజర్ హోమ్ ఫోల్డరులో .మై.సీఎన్ఎఫ్ ఫైలు తెరిచి, క్లయింట్ అనే విభాగం కింద యూజర్, పాస్‌వర్డ్ రాసి, ఫైలు అనుమతిని 600కు (ఆ యూజర్ తప్ప ఇతరులు చదవలేనట్టు) మార్చండి. మైఎస్‌క్యూఎల్‌డంప్ ఆ ఫైలును తనంతట తానే వెతుక్కుని చదువుతుంది. స్క్రిప్టులో పాస్‌వర్డ్ ప్రస్తావనే అక్కరలేదు. "జాబు ఏ యూజర్ పేరుతో నడుస్తుందో" అన్నమాట ముఖ్యం. మీరు సుడో (నిర్వాహక హక్కులతో నడిపే ఆదేశం) పెట్టి క్రాన్‌టాబ్ తెరిచి ఉంటే అది రూట్ అనే నిర్వాహక యూజర్ క్రాన్‌టాబ్, దాని హోమ్ ఫోల్డరు వేరు. మీ సొంత ఫోల్డరులో పెట్టిన ఫైలు దానికి కనబడదు. బ్యాకప్‌కు అవసరమైన హక్కులు మాత్రమే ఉన్న ప్రత్యేక డేటాబేస్ యూజర్‌ను సృష్టించుకోవడం ఇంకా మేలు.

తరవాత స్క్రిప్టు మొదటి లైనులో బాష్ పూర్తి మార్గం రాసి, ఫైలుకు నడిపే అనుమతి ఇచ్చి, క్రాన్‌టాబ్ లైనులో ఎస్‌హెచ్ అనే మాట తీసేసి నేరుగా స్క్రిప్టు పూర్తి మార్గం ఇవ్వండి. స్క్రిప్టు లోపల కూడా ప్రతి ఫోల్డరుకూ / తో మొదలయ్యే పూర్తి మార్గమే రాయాలి. క్రాన్ జాబు హోమ్ ఫోల్డరు నుంచి మొదలవుతుంది, మీరు స్క్రిప్టు ఉంచిన ఫోల్డరు నుంచి కాదు. స్క్రిప్టును విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాసి ఎక్కించారా? అలా అయితే ప్రతి లైను చివర కనబడని విండోస్ గుర్తు ఒకటి ఉండిపోయి, కళ్లెదుట ఉన్న ఫైలును కూడా షెల్ లేదని చెబుతుంది. డాస్‌టూయునిక్స్ ఆదేశంతో ఒకసారి శుభ్రం చేస్తే చాలు.

ఇక లోపాలు ఎందుకు కనబడలేదో చెబుతానన్నాను. క్రాన్ జాబు తెరపై చెప్పాల్సినది ఏదైనా ఉంటే, క్రాన్ దాన్ని ఆ యూజర్‌కు మెయిల్‌గా పంపాలని చూస్తుంది. క్లౌడ్‌లో కొత్తగా తీసుకున్న ఉబుంటు సర్వర్‌లో మెయిల్ పంపే ప్రోగ్రామ్ సాధారణంగా ఉండదు. అప్పుడు క్రాన్, మెయిల్ ప్రోగ్రామ్ లేదు కాబట్టి అవుట్‌పుట్‌ను పారేస్తున్నానని సిస్‌లాగ్ అనే సర్వర్ చిట్టాలో ఒక్క లైను రాసి, నిజంగానే పారేస్తుంది. /వర్/లాగ్/సిస్‌లాగ్ ఫైలులో క్రాన్ అనే మాట వెతికి చూడండి, మీ సర్వర్‌లో కూడా రోజూ మన ఉదయం ఏడున్నరకు (సర్వర్ గడియారంలో రెండు గంటలకు) ఆ లైను పడి ఉంటుందనుకుంటున్నాను. ఉబుంటు కాకుండా రెడ్ హ్యాట్ అనే మరో లినక్స్ కుటుంబం సర్వర్లలో అదే సమాచారం /వర్/లాగ్/క్రాన్ ఫైలులో ఉంటుంది, సర్వీసు పేరు కూడా క్రాన్‌డి అవుతుంది.

ఆ లాగ్‌లో సీఎండీ అని, దాని పక్కన మీ స్క్రిప్టు పేరు కనబడితే జాబు విజయవంతమైందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. క్రాన్ గంట కొట్టి వెళ్లిపోయే బడి బంట్రోతు వంటిది. పిల్లలు లోపలికి వచ్చారా, పాఠం జరిగిందా అన్నది దాని పని కాదు. ఆ లైనుకు అర్థం పని మొదలుపెట్టామని మాత్రమే. అందుకే ఏ జాబుకైనా సొంత లాగ్ ఉండాలి: క్రాన్‌టాబ్ లైను చివర >> గుర్తు, లాగ్ ఫైలు పూర్తి మార్గం, ఆ తరవాత 2>&1 రాయండి. ఈ వరుస తప్పకూడదు. 2>&1 ముందు రాసి ఫైలు పేరు తరవాత రాస్తే, మామూలు మాటలు ఫైలులోకి వెళ్తాయి, లోపాలు పాత దారినే పోతాయి; మనకు కావలసినవే పోతాయి. చాలా చోట్ల కాపీ చేసుకునే ఉదాహరణల్లో లైను చివర /డెవ్/నల్ (ఏది పంపినా మింగేసే చోటు) అని ఉంటుంది. అది లోపాలను నోరు నొక్కి పాతిపెట్టడం. కొత్త జాబుకు ఎప్పుడూ పెట్టకండి.

మార్పులన్నీ చేశాక రాత్రిదాకా ఎదురుచూడనక్కరలేదు. క్రాన్ ఇచ్చే వాతావరణంలోనే పరీక్షించండి, మీ టెర్మినల్‌లో కాదు. నేను చేసే పని ఇది: ప్రతి నిమిషం నడిచేలా * * * * * అని ఒక తాత్కాలిక లైను పెట్టి, వేరియబుల్స్ అన్నింటినీ చూపే ఎన్వ్ ఆదేశం ఇచ్చే వివరాలను ఒక ఫైలులో రాయిస్తాను. టెర్మినల్‌లో అదే ఆదేశం ఇచ్చే వివరాలతో పక్కపక్కన పెట్టి చూస్తే ఏది లేదో వెంటనే తెలుస్తుంది. తరవాత అసలు జాబునే మరో రెండు మూడు నిమిషాల్లో నడిచేలా సమయం మార్చి, లాగ్ చూసి, అంతా సరిగ్గా ఉంటే అసలు సమయానికి మారుస్తాను. ఆ తాత్కాలిక లైనును తీసేయడం మరవకండి.

సమయం సంగతికి వద్దాం. మీ సర్వర్ యూటీసీలో ఉంది, మనం దానికి అయిదున్నర గంటలు ముందున్నాం. మన రాత్రి రెండు గంటలు యూటీసీలో ముందు రోజు రాత్రి 8:30. అందుకే 30 20. రోజూ నడిచే జాబుకు ఇంతటితో సరిపోతుంది గానీ, వారానికోసారి, నెలకోసారి నడిచే వాటికి తేదీ కూడా వెనక్కి జరుగుతుందని గుర్తుంచుకోవాలి. మన సోమవారం తెల్లవారుజాము రెండు గంటలకు నడవాలంటే ఆదివారం అని రాయాలి: 30 20 * * 0. నెల మొదటి తేదీ రాత్రి రెండింటికి నడవాలంటే చిక్కు వస్తుంది, ఎందుకంటే అది యూటీసీలో గత నెల చివరి రోజు, ఆ చివరి రోజు 28 నుంచి 31 దాకా ఏదైనా కావచ్చు. అలాంటి జాబును 0 0 1 * * అని పెట్టి మొదటి తేదీ ఉదయం 5:30కు నడపడం తేలిక. మీ ఫైలు పేరులోని తేదీ కూడా యూటీసీ తేదీయే. 30 20కి మార్చాక 12వ తేదీ తెల్లవారుజామున తీసిన బ్యాకప్‌కు 11 అని పేరు పడుతుంది. అది తప్పేమీ కాదు, కానీ ఒకనాడు కంగారులో వెతికేవారికి తెలియాలి.

సర్వర్ సమయాన్నే ఆసియా/కోల్‌కతాకు మార్చేయవచ్చా అంటే, టైమ్‌డేట్‌సీటీఎల్ ఆదేశంతో మార్చవచ్చు. మార్చాక క్రాన్ సర్వీసును తప్పక రీస్టార్ట్ చేయాలి, లేకపోతే అది పాత సమయాన్నే పట్టుకుని ఉండవచ్చు. ఒక్క దుకాణం, ఒక్క సర్వర్ అయితే నేను మార్చమనే అంటాను. వేర్వేరు దేశాల్లో వినియోగదారులున్న సర్వర్లయితే యూటీసీయే నయం. రెడ్ హ్యాట్ కుటుంబంలో ఉండే క్రోనీ అనే క్రాన్ రకంలో క్రాన్_టీజెడ్ అనే వేరియబుల్‌తో క్రాన్‌టాబ్‌కు విడిగా సమయ మండలం ఇవ్వవచ్చు. ఉబుంటులో మామూలుగా ఉండే క్రాన్ దాన్ని పట్టించుకోదు కాబట్టి, ఎక్కడో చదివి మీ సర్వర్‌లో పెట్టి పనిచేసిందనుకోవద్దు. అమెరికాలో ఉండి అక్కడి స్థానిక సమయంతో సర్వర్లు నడిపేవారికి ఒక మాట: మార్చి నెలలో గడియారం ముందుకు జరిపే రాత్రి రెండు నుంచి మూడు దాకా ఉండే గంట ఉండదు, నవంబరులో ఒంటిగంట నుంచి రెండు దాకా రెండుసార్లు వస్తుంది. ఉబుంటు క్రాన్ ఈ మార్పులను చాలావరకు సర్దుకుంటుంది, అయినా డబ్బుతో ముడిపడిన జాబులను ఆ గంటల్లో పెట్టకపోవడమే మంచిది.

క్రాన్‌టాబ్ రాతలో జారిపడే చోట్లు కొన్ని ఉన్నాయి. 0 2 బదులు * 2 అని రాస్తే రెండు గంటల నుంచి 2:59 దాకా అరవైసార్లు నడుస్తుంది. నిమిషాల చోట */40 అంటే ప్రతి నలభై నిమిషాలకూ కాదు. ప్రతి గంటలో 0, 40 నిమిషాలకు, అంటే ఒకసారి నలభై, ఒకసారి ఇరవై నిమిషాల తేడాతో. నెలలోని తేదీ, వారం రెండూ ఇస్తే రెండూ కలిసినప్పుడు నడుస్తుందని అనుకోవడం సహజం, కానీ ఏది కలిసినా నడుస్తుంది: 0 9 1-7 * 1 అని రాస్తే నెలలో మొదటి సోమవారం మాత్రమే కాకుండా, ఒకటి నుంచి ఏడు దాకా ప్రతి రోజూ, వాటితోపాటు ప్రతి సోమవారమూ నడుస్తుంది. ఇక % గుర్తు. క్రాన్‌టాబ్ లైనులో నేరుగా % రాస్తే దాన్ని కొత్త లైనుగా తీసుకుంటుంది, కాబట్టి అక్కడ % గుర్తుతో తేదీ ఆదేశం రాస్తే ఆ లైను సగంలో తెగిపోతుంది. ముందు \ పెట్టాలి. మీరు తేదీని స్క్రిప్టు లోపల రాశారు కాబట్టి ఈ బాధ తప్పింది. స్క్రిప్టు లోపల \ అక్కరలేదు.

డెబియన్, ఉబుంటుల్లో మరో విచిత్రం: /ఈటీసీ/క్రాన్.డెయిలీ ఫోల్డరులో పెట్టే స్క్రిప్టు పేరులో చుక్క ఉంటే దాన్ని పట్టించుకోదు. పేరు చివర .ఎస్‌హెచ్ ఉన్నందుకే నడవని జాబులు ఎన్నో చూశాను, ఎక్కడా ఒక్క లోపమూ కనబడదు. /ఈటీసీ/క్రాన్.డి ఫోల్డరుకూ అదే నియమం, పైగా అక్కడి లైనులో సమయానికీ ఆదేశానికీ మధ్య యూజర్ పేరు కూడా ఉండాలి.

క్రాన్‌టాబ్‌ను సవరించే ఆప్షన్ ఈ, మొత్తాన్ని తుడిచేసే ఆప్షన్ ఆర్. కీబోర్డు మీద ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి, ఆర్ నొక్కితే ఏమీ అడగకుండానే అంతా పోతుంది. మార్పు చేసే ముందు ఎల్ ఆప్షన్‌తో ఉన్నదాన్ని ఒక ఫైలులో దాచుకోండి.

ఇప్పుడు నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునేది. మీ స్క్రిప్టును సరిచేశాక కూడా అది మళ్లీ ఎప్పుడైనా విఫలం కావచ్చు: డిస్కు నిండవచ్చు, పాస్‌వర్డ్ మారవచ్చు. విఫలమైతే మీకు తెలియాలి. మీ డంప్ ఆదేశం ఇచ్చేది పైపు (ఒక ఆదేశం ఇచ్చేదాన్ని నేరుగా తరవాతి ఆదేశానికి అందించే | గుర్తు) ద్వారా జీజిప్‌లోకి వెళ్తోంది. అలాంటప్పుడు షెల్ చివరి ఆదేశం ఫలితాన్నే చూస్తుంది, జీజిప్ బాగానే ముగిసింది కాబట్టి అంతా బాగుందనుకుంటుంది. బాష్ స్క్రిప్టు మొదట్లో సెట్ మైనస్ ఓ పైప్‌ఫెయిల్ అని రాస్తే పైపులో ఏది విఫలమైనా మొత్తం విఫలమైనట్టు లెక్క. దానికి తోడు ఇంకో పరీక్ష పెట్టండి: మైఎస్‌క్యూఎల్‌డంప్ పూర్తిగా ముగిస్తేనే ఫైలు చివర డంప్ కంప్లీటెడ్ అనే వ్యాఖ్య రాస్తుంది. కుదించిన ఫైలును విప్పి చివరి లైనులో ఆ మాట ఉందో లేదో చూడటం చాలా చవకైన తనిఖీ. మొదట తాత్కాలిక పేరుతో ఫైలు రాసి, ఈ రెండు పరీక్షలూ నెగ్గాక మాత్రమే అసలు పేరుకు మార్చండి. పాత ఫైళ్లను తీసేసే లైను ఆ తరవాతే రావాలి, పరీక్షలు నెగ్గకపోతే అక్కడిదాకా రాకూడదు. ఇప్పుడు ఆ లైను ముందు పెట్టిన # గుర్తును ఇవన్నీ చేశాక తీసేయవచ్చు.

విఫలమైనప్పుడు మెయిల్ వస్తుంది కదా అని దాని మీద మాత్రమే ఆధారపడకండి. 2017 జనవరి 31న ప్రోగ్రామర్ల కోడ్‌ను భద్రపరిచే గిట్‌ల్యాబ్‌లో జరిగిన ఘటనను ఆ సంస్థే వివరంగా బయటపెట్టింది. ప్రధాన డేటాబేస్ ఫోల్డరు పొరపాటున చెరిగిపోయాక బ్యాకప్‌ల కోసం వెతికితే, రోజూ రావాల్సిన డంప్‌లు అసలు లేవు: డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6 అయితే, డంప్ తీసే ప్రోగ్రామ్ 9.2 వెర్షన్‌ది నడిచి, రోజూ విఫలమైంది. విఫలమైనట్టు క్రాన్ జాబు మెయిళ్లు పంపింది గానీ, నకిలీ మెయిళ్లను ఆపే డీమార్క్ నిబంధనలకు సరిపోనందున అవి తిరస్కరణకు గురయ్యాయి, ఎవరూ చూడలేదు. వేరే పని కోసం దాదాపు ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణపు నకలు) ఒకటి ఉండబట్టి ఆ మేరకే నష్టంతో బయటపడ్డారు. అంతటి సంస్థకే అలా జరిగింది.

అందుకని తిరగేసిన పద్ధతి వాడండి: జాబు విజయవంతమైనప్పుడు స్క్రిప్టు చివర్లో ఒక వెబ్ చిరునామాను కర్ల్ ఆదేశంతో పలకరించాలి, నిర్ణీత సమయంలో పలకరింపు రాకపోతే అవతలి సేవ మీ ఫోనుకు హెచ్చరిక పంపాలి. హెల్త్‌చెక్స్ అనే ఓపెన్ సోర్స్ సాధనం సరిగ్గా ఈ పనికే ఉంది. సర్వర్ మొత్తం ఆగిపోయినా ఇది పనిచేస్తుంది, ఎందుకంటే ఇక్కడ కబురు రాకపోవడమే కబురు.

మీ జాబుకు ఇప్పుడే అవసరం లేకపోయినా, ముందుముందు ఎదురయ్యేవి రెండు మూడు చెబుతాను. అయిదు నిమిషాలకోసారి సరుకు నిల్వలను వెబ్‌సైట్‌తో సరిచూసే జాబు ఒకచోట చాలాకాలం ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. దసరా అమ్మకాల రద్దీలో ఒక్కో పరుగుకు అయిదు నిమిషాలకన్నా ఎక్కువ పట్టడం మొదలైంది. ముందుది ముగిసిందో లేదో క్రాన్ చూడదు కాబట్టి ఒకదానిమీద ఒకటి పేరుకుని, మెమరీ అయిపోయి, చివరకు కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మైఎస్‌క్యూఎల్‌నే ఆపేసింది. ఆదేశం ముందు ఎఫ్‌లాక్‌ను ఎన్ ఆప్షన్‌తో పెడితే, ముందుది నడుస్తుండగా కొత్తది మొదలు కాకుండా వెనుదిరుగుతుంది. తరచుగా నడిచే ఏ జాబుకైనా ఇది ఉండాలి.

మరోచోట ఒక ఉదయం నుంచి ఒక యూజర్ జాబులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎవరూ ఏమీ మార్చలేదు. లాగ్‌లో పామ్ (ఖాతాల ప్రవేశాన్ని చూసే వ్యవస్థ) అనుమతి నిరాకరించినట్టు ఉంది: భద్రతా నియమం ప్రకారం ఆ యూజర్ పాస్‌వర్డ్ గడువు ముగిసింది, గడువు ముగిసిన ఖాతా పేరుతో క్రాన్ జాబు నడవదు. జాబుల కోసం ప్రత్యేక ఖాతా పెట్టి దాని గడువును చేజ్ (సీహెచ్ఏజీఈ) ఆదేశంతో చూసుకోవాలి.

తెలుగు పేర్లు, చిరునామాలు ఉన్న నివేదికలు పంపేవారికి ఇంకో సంగతి. టెర్మినల్‌లో భాషా అమరిక తెలుగు అక్షరాలు పట్టే యూటీఎఫ్-8గా ఉంటుంది, కొన్ని సర్వర్లలో క్రాన్‌కు అది అందదు. పైథాన్ 3.7కు ముందు వెర్షన్లలో అలాంటిచోట తెలుగు అక్షరం ముద్రించబోతే యూనికోడ్ లోపంతో స్క్రిప్టు ఆగిపోతుంది. క్రాన్‌టాబ్ పైభాగంలో లాంగ్ (ఎల్ఏఎన్‌జీ) వేరియబుల్‌ను సీ.యూటీఎఫ్-8 అని రాస్తే సరి.

క్రాన్ మానేసి, లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ టైమర్లకు మారమని మీకు ఎవరైనా చెప్పవచ్చు. వాటిలో మంచి గుణాలు ఉన్నాయి: అవుట్‌పుట్ దానంతటదే జర్నల్ అనే లాగ్‌లోకి వెళ్తుంది, ఒక జాబు నడుస్తుండగా అదే మళ్లీ మొదలవదు, పర్సిస్టెంట్ అని పెడితే సర్వర్ ఆగి ఉన్నప్పుడు తప్పిపోయిన పరుగును లేవగానే పూర్తిచేస్తుంది, సమయం పక్కన ఆసియా/కోల్‌కతా అని రాస్తే యూటీసీ లెక్కలూ తప్పుతాయి. సర్వర్ రాత్రుళ్లు ఆపేసే అలవాటు ఉంటే నేను వాటినే ఎంచుకుంటాను. కానీ టైమర్ కూడా మీ .బాష్‌ఆర్‌సీని చదవదు. మీ ఇప్పటి సమస్య అక్కడా ఇలాగే ఉండేది. రోజుకో బ్యాకప్ తీసే ఒక్క సర్వర్‌కు క్రాన్ చాలు.

ఇవన్నీ చేసిన తరవాత కూడా ఫైలు 20 బైట్లే వస్తే, జాబు లాగ్‌లోని చివరి కొన్ని లైన్లు, క్రాన్‌టాబ్‌లోని మీ లైను, స్క్రిప్టు మొదటి లైను ఇక్కడ పెట్టండి, పాస్‌వర్డ్, సర్వర్ చిరునామా మాత్రం తీసేసి. ఫైలు నిండుగా వస్తే ఒక ఖాళీ డేటాబేస్ సృష్టించి అందులోకి ఒకసారి దాన్ని ఎక్కించి, నిన్నటి చివరి బిల్లు నంబరు అందులో కనబడుతోందో లేదో చూడండి.